రాజు వద్దనుకున్న దేశం రాసుకున్న చట్టం

అమెరికా పేరు వినని వాళ్లు ఇప్పుడు లేరు. ఫలానా వాళ్ల అబ్బాయి అక్కడ చదువుతున్నాడని, ఫలానా వాళ్ల అమ్మాయి అక్కడ ఉద్యోగం చేస్తోందని ఊళ్లలో చెప్పుకుంటూనే ఉంటారు. ఆ దేశానికి రాజు లేడు. కానీ ఒకప్పుడు ఉండేవాడు. ఆయన అమెరికాలో కాపురం ఉన్నవాడు కాదు. సముద్రానికి అవతలి ఒడ్డున, ఇంగ్లాండులో ఉండేవాడు. పేరు మూడో జార్జి.

అప్పట్లో అమెరికా ఇప్పుడున్నంత పెద్ద దేశం కాదు. తూర్పున సముద్రం ఒడ్డు వెంట వరసగా పదమూడు వలసలు. వలస అంటే వేరే దేశం పెత్తనం కింద ఉండే ప్రాంతం. ఇంగ్లాండు నుంచి, ఇంకా వేరే దేశాల నుంచి వచ్చిన తెల్లవాళ్లు అక్కడ ఇళ్లు కట్టుకున్నారు, సేద్యం చేసుకున్నారు. ఆ నేల అక్కడి ఆదివాసులది. వాళ్లను వెనక్కి వెనక్కి నెట్టి ఆక్రమించారు. పొలం పనికి ఆఫ్రికా నుంచి నల్లవాళ్లను గొలుసులు వేసి ఓడల్లో తెచ్చారు. సంతలో పశువుల్లాగా అమ్మారు, కొన్నారు. ఈ రెండు సంగతులూ గుర్తుంచుకోవాలి. చట్టం రాసేటప్పుడు మళ్లీ వస్తాయి.

టీ పెట్టెలు సముద్రం పాలు

ఇంగ్లాండు పార్లమెంటు ఈ వలసల మీద పన్నులు వేసింది. 1765లో స్టాంపు పన్ను వచ్చింది. కోర్టు కాగితానికి పన్ను. పత్రికకు పన్ను. చివరికి పేకముక్కలకు కూడా పన్నే. జనం మండిపడ్డారు. పన్ను వేసే సభలో తమ మనిషి ఒక్కడూ లేడు. అలాంటప్పుడు తమ మీద పన్ను వేసే హక్కు వాళ్లకెక్కడిది? ఇదీ వాళ్ల ప్రశ్న. గొడవ పెద్దది కావడంతో ఆ పన్ను తీసేశారు. తర్వాత వేరే పన్నులు వేశారు. అందులో టీ మీద పన్ను మిగిలిపోయింది.

1773 డిసెంబర్ 16 రాత్రి బోస్టన్ రేవులో జనం మూడు ఓడలెక్కారు. 342 టీ పెట్టెలు పగలగొట్టి సముద్రంలో పారబోశారు. ఆ టీ ఎవరిదో తెలుసా? ఈస్టిండియా కంపెనీది. 1611లో మన మచిలీపట్నంలో వ్యాపారం మొదలుపెట్టి, చివరికి మన దేశాన్నే మింగిన కంపెనీ అదే.

ఈ గొడవలో ఆడవాళ్లు ఊరికే కూర్చోలేదు. ఇంగ్లాండు బట్ట కొనడం మానేశారు. ఒకచోట చేరి రాట్నాలు తిప్పి నూలు వడికారు. మన దేశంలో గాంధీగారు రాట్నం పట్టించడానికి నూట యాభై ఏళ్ల ముందు మాట ఇది. 1774లో ఈడెన్‌టన్ అనే ఊళ్లో 51 మంది ఆడవాళ్లు ఇంగ్లాండు సరుకు వాడబోమని కాగితం రాసి, పేర్లు పెట్టి సంతకాలు చేశారు. ఆడవాళ్లేమిటి, రాజకీయం కాగితం మీద సంతకాలేమిటి అని లండన్‌లో వాళ్లను వెక్కిరిస్తూ బొమ్మ అచ్చువేశారు.

1775లో యుద్ధం మొదలైంది. 1776 జులై 4న పదమూడు వలసలూ తాము స్వతంత్రులమని ప్రకటించాయి. ఆ ప్రకటన రాసింది థామస్ జెఫర్సన్. మనుషులంతా సమానంగా పుట్టారని అందులో రాశాడు. రాసిన ఆ చేయి బానిసల యజమాని చేయి. తన జీవితకాలంలో ఆయన కింద ఆరు వందల మందికి పైగా బానిసలున్నారు.

1781లో యార్క్‌టౌన్ అనేచోట ఇంగ్లాండు సేనాపతి కారన్‌వాలీస్ లొంగిపోయాడు. అక్కడ ఓడిన ఆ దొరే 1786లో గవర్నర్ జనరల్‌గా మన దేశానికి వచ్చాడు. 1793లో బెంగాల్‌లో జమీందారీ శిస్తు పద్ధతి పెట్టాడు. అదే పద్ధతి తర్వాత మన ఉత్తర సర్కారు జిల్లాల రైతుల నెత్తికీ చుట్టుకుంది. అమెరికా సంగతి అమెరికాది, మన సంగతి మనది అనుకోవడానికి లేదు.

ఒక భార్య రాసిన ఉత్తరం

స్వాతంత్ర్యం ప్రకటించడానికి మూడు నెలల ముందు సంగతి ఒకటి చెప్పుకోవాలి. ఎబిగెయిల్ ఆడమ్స్ అని ఒకామె ఉండేది. బడికి వెళ్లి చదువుకోలేదు. ఆ రోజుల్లో ఆడపిల్లలను పెద్ద చదువులకు పంపేవారు కాదు. ఇంట్లోనే అక్షరాలు నేర్చుకుని, దొరికిన పుస్తకమల్లా చదివింది. భర్త జాన్ ఆడమ్స్ ఫిలడెల్ఫియాలో నాయకుల సభలో ఉన్నాడు. ఆమె ఊళ్లో నలుగురు పిల్లలను, పొలాన్ని, కూలీలను, అప్పులను చూసుకుంటోంది.

1776 మార్చి 31న ఆమె భర్తకు ఉత్తరం రాసింది. కొత్త చట్టాలు రాసేటప్పుడు ఆడవాళ్లను గుర్తుంచుకోమంది. మొగుళ్ల చేతికి అడ్డూ అదుపూ లేని అధికారం ఇవ్వొద్దంది. తమ మాట చెల్లని చట్టాలకు ఆడవాళ్లు కట్టుబడి ఉండరని కూడా రాసింది. రాజు మీద మగవాళ్లు అడిగిన ప్రశ్ననే ఆమె మగవాళ్ల మీద అడిగిందన్నమాట.

జాన్ ఏం జవాబిచ్చాడు? నవ్వొచ్చిందని రాశాడు. మగవాళ్లు పేరుకే యజమానులని తేల్చేశాడు. పేరుకే అనడం తేలిక. అప్పటి చట్టం ప్రకారం పెళ్లయిన ఆడదానికి సొంత ఆస్తి లేదు. ఆమె సంపాదన భర్తది. ఆమె పేరున దావా వేయడానికి లేదు.

చదువు రాని బెట్ కోర్టుకెక్కింది

రాజు పోయాక పదమూడు వలసలూ పదమూడు రాష్ట్రాలయ్యాయి. ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం సొంతంగా రాజ్యాంగం రాసుకోసాగింది. రాజ్యాంగం అంటే చట్టాలకే చట్టం. పొదుపు సంఘం పెట్టుకున్నప్పుడు ముందు పుస్తకంలో రాసుకుంటారు చూడండి. లీడర్లు ఎవరు, డబ్బు ఎవరి సంతకంతో తీయాలి, లీడరు తప్పు చేస్తే ఏం చేయాలి అని. దేశానికి అలాంటి పుస్తకమే రాజ్యాంగం. పాలించేవాడు ఏం చేయవచ్చో, ఏం చేయకూడదో అందులో ఉంటుంది.

మసాచుసెట్స్ రాష్ట్రం 1780లో రాజ్యాంగం రాసుకుంది. దాన్ని ఎక్కువగా రాసింది ఆ జాన్ ఆడమ్సే. మనుషులంతా పుట్టుకతో స్వేచ్ఛ గలవారు, సమానులు అని అందులో రాశారు.

ఆ రాష్ట్రంలో షెఫీల్డ్ అనే ఊళ్లో బెట్ అనే నల్ల బానిస ఉండేది. ఆమెకు చదవడం రాదు, రాయడం రాదు. ఒకరోజు యజమానురాలు పొయ్యిలో కాలిన ఇనుప పారతో ఒక పిల్లను కొట్టబోయింది. బెట్ చేయి అడ్డం పెట్టింది. చేయి కాలింది. ఆ మచ్చను ఆమె దాచుకోలేదు, అందరికీ కనపడేలా ఉంచుకుంది.

అందరూ సమానులని కొత్త చట్టంలో ఉందని ఆమె చెవిన పడింది. తాను మనిషి కాదా? సెడ్జ్‌విక్ అనే వకీలు దగ్గరకు వెళ్లి అడిగింది. ఆయన దావా వేశాడు. బ్రామ్ అనే మరో బానిస కూడా ఆమెతో కలిశాడు. 1781లో కోర్టు వాళ్లిద్దరూ స్వతంత్రులేనని తీర్పు చెప్పింది. యజమాని వాళ్లకు 30 షిల్లింగులు కట్టాలంది. జీతం ఇస్తాను, మళ్లీ పనికి రమ్మన్నాడు యజమాని. ఆమె వెళ్లలేదు. ఎలిజబెత్ ఫ్రీమన్ అని కొత్త పేరు పెట్టుకుంది. ఫ్రీమన్ అంటే స్వేచ్ఛ గల మనిషి. కష్టపడి సంపాదించి సొంత ఇల్లు కొనుక్కుంది. 1829లో చనిపోయింది.

రాసిన వాళ్లు ఆమెను మనసులో పెట్టుకుని రాయలేదు. కానీ రాత రాతే కదా. ఒకసారి కాగితం మీదికి వచ్చాక ఎవరైనా పట్టుకుని అడగవచ్చు.

జప్తులు, తిరుగుబాటు

పదమూడు రాష్ట్రాలకూ కలిపి కూడా ఒక చట్టం ఉండేది. అది చాలా బలహీనం. రాజు పెత్తనంతో విసిగిన జనం పై సర్కారుకు అధికారమే ఇవ్వలేదు. పన్ను వేసే హక్కు లేదు. రాష్ట్రాలను డబ్బు అడుక్కోవాలి. ఇస్తే ఇస్తారు, లేకపోతే లేదు. యుద్ధంలో పోరాడిన సైనికులకు జీతాలు సరిగా అందలేదు. ఇచ్చిన కాగితపు డబ్బుకు విలువ లేకుండా పోయింది. ఆ చట్టాన్ని మార్చాలంటే పదమూడు రాష్ట్రాలూ ఒప్పుకోవాలి. ఒక్కటి కాదంటే అంతే.

మసాచుసెట్స్ రైతుల కష్టం చెప్పనలవి కాదు. పన్ను వెండి నాణేలుగా కట్టమన్నారు. వాళ్ల చేతిలో నాణేలెక్కడివి? అప్పులవాళ్లు కోర్టుకు వెళ్లి పొలాలు, పశువులు జప్తు చేయించారు. బాకీ తీర్చలేని వాళ్లను జైలులో పెట్టారు. వాళ్లలో చాలామంది దేశం కోసం తుపాకీ పట్టినవాళ్లే. 1786లో డేనియల్ షేస్ వంటి పాత సైనికుల వెంట రైతులు కదిలారు. కోర్టుల తలుపుల దగ్గర నిలబడ్డారు, జడ్జీలను లోపలికి వెళ్లనివ్వలేదు. 1787 జనవరిలో ఆయుధాల గోదాము మీదికి వెళ్లినప్పుడు ఫిరంగులు పేలాయి. నలుగురు చనిపోయారు. ఈ గొడవ అణచడానికి సర్కారు దగ్గర డబ్బులేదు. వ్యాపారులు చందాలు వేసుకుని సైన్యాన్ని పెట్టుకున్నారు.

ఉన్నవాళ్లకు భయం పుట్టింది. గట్టి సర్కారు కావాలనుకున్నారు. అయితే మళ్లీ రాజును తెచ్చుకోకూడదు. చిక్కంతా అక్కడే ఉంది.

తలుపులు మూసిన గది

1787 మే 25న ఫిలడెల్ఫియాలో సభ మొదలైంది. సెప్టెంబర్ 17 దాకా సాగింది. మొత్తం 55 మంది వచ్చారు. రోడ్ ఐలాండ్ అనే చిన్న రాష్ట్రం మాత్రం ఎవరినీ పంపలేదు. యుద్ధం గెలిపించిన జార్జి వాషింగ్టన్‌ను సభాధ్యక్షుడిగా ఎన్నుకున్నారు. 81 ఏళ్ల బెంజమిన్ ఫ్రాంక్లిన్ అందరికన్నా పెద్దవాడు. జేమ్స్ మాడిసన్ అనే 36 ఏళ్ల మనిషి రోజూ ముందు వరసలో కూర్చుని అందరి మాటలూ రాసుకున్నాడు. లోపలి మాట బయటకు పొక్కకూడదని నియమం. వేసవి ఎండల్లో కూడా కిటికీలు మూసేశారు. తలుపు దగ్గర కాపలా పెట్టారు. మాడిసన్ రాసుకున్న కాగితాలు ఆయన చనిపోయాక, 1840లో గాని అచ్చు కాలేదు.

ఆ 55 మందిలో ఆడమనిషి లేదు. నల్లవాడు లేడు. ఆదివాసి లేడు. షేస్ లాంటి అప్పుల రైతు లేడు. పాతిక మంది దాకా బానిసల యజమానులే.

మొదటి తగాదా పెద్ద రాష్ట్రాలకు, చిన్న రాష్ట్రాలకు వచ్చింది. వర్జీనియాలో ఏడు లక్షల దాకా జనం. డెలావేర్‌లో 60 వేలు కూడా లేరు. జనాన్ని బట్టి సీట్లు కావాలన్నారు పెద్దవాళ్లు. అందరికీ సమానంగా కావాలన్నారు చిన్నవాళ్లు. సభ విరిగిపోయేలా ఉంది. చివరికి జులై 16న రాజీ కుదిరింది. రెండు సభలు పెట్టారు. ఒక సభలో జనాన్ని బట్టి సీట్లు. రెండో సభ సెనేట్. అందులో చిన్నా పెద్దా తేడా లేదు, రాష్ట్రానికి ఇద్దరు. ఇప్పటికీ అంతే.

రెండో రాజీ సంగతి చెప్పుకోవడానికే సిగ్గుపడాల్సింది. జనాన్ని లెక్కించేటప్పుడు బానిసలను లెక్కపెట్టాలా, వద్దా? యజమానుల రాష్ట్రాలు పెట్టాలన్నాయి. ఎందుకు? తలలు పెరిగితే సీట్లు పెరుగుతాయి. బానిసకు ఓటు ఇస్తారా అంటే ఇవ్వరు. చివరికి అయిదుగురు బానిసలను ముగ్గురు మనుషులుగా లెక్కపెట్టాలని రాశారు. 500 మంది బానిసలుంటే 300 మంది జనం కింద లెక్క. ఆ లెక్కతో వచ్చిన సీట్లలో కూర్చునేది యజమానులు. ఇరవై ఏళ్ల దాకా, అంటే 1808 వరకు, బయటి నుంచి బానిసలను తెచ్చే వ్యాపారాన్ని ఆపరాదని కూడా రాశారు. పారిపోయిన బానిసను పట్టి ఇవ్వాలన్నారు. ఇన్ని రాసి, బానిస అనే మాటను మాత్రం ఎక్కడా వాడలేదు. ఆ మాట రాయడానికి మొహం చెల్లలేదు.

అధికారం ఒకరి చేతిలో పెట్టలేదు

ఆ గదిలో జరిగిన మంచి పని కూడా ఉంది. అది చిన్నదేమీ కాదు. అధికారాన్ని మూడు ముక్కలు చేశారు.

చట్టం చేసేది కాంగ్రెస్. మన పార్లమెంటు లాంటిది. అమలు చేసేది అధ్యక్షుడు. చట్టం ప్రకారం తీర్పు చెప్పేది కోర్టు. ఒకరి పని మీద ఇంకొకరి కన్ను ఉంటుంది. సంఘం డబ్బు పెట్టె ఒకరింట్లో, తాళంచెవి ఇంకొకరి దగ్గర పెడతారే, అలాగన్నమాట. కాంగ్రెస్ చేసిన చట్టం మీద అధ్యక్షుడు సంతకం పెట్టనని తిప్పి పంపవచ్చు. రెండు సభల్లోనూ మూడింట రెండు వంతుల మంది మళ్లీ సరే అంటే, ఆయన సంతకం లేకుండానే అది చట్టం అవుతుంది. సైన్యానికి పెద్ద అధ్యక్షుడు. యుద్ధం ప్రకటించే హక్కు కాంగ్రెస్‌ది. ఖజానా మీద అధికారమూ కాంగ్రెస్‌దే. జడ్జీని అధ్యక్షుడు ఎంచుతాడు, సెనేట్ ఒప్పుకోవాలి. అధ్యక్షుడు పెద్ద తప్పు చేస్తే ఒక సభ నేరం మోపుతుంది, సెనేట్ విచారిస్తుంది.

అధ్యక్షుడు ఒక్కడే ఉంటే మళ్లీ రాజు అయిపోతాడేమోనని కొందరు భయపడ్డారు. ముగ్గురిని పెడదామన్నవాళ్లూ ఉన్నారు. చివరికి ఒక్కరినే ఉంచి, పదవి నాలుగేళ్లకు కట్టేశారు. కొడుకుకు సంక్రమించదు. ఆయన్ను నేరుగా జనం కాకుండా, రాష్ట్రాల తరఫున కొందరు ప్రతినిధులు ఎన్నుకోవాలని పెట్టారు. ఆ పద్ధతి ఇంకా ఉంది. అందుకే 2000లో, 2016లో దేశం మొత్తం మీద తక్కువ ఓట్లు వచ్చినవారు అధ్యక్షులయ్యారు.

నాలుగు పెద్ద తోలు కాగితాల మీద చేతితో రాసిన ఆ రాజ్యాంగం మేము, ప్రజలం అనే అర్థం వచ్చే మాటతో మొదలవుతుంది. రాజుగారి ఆజ్ఞ అని కాదు, దేవుడి ఆజ్ఞ అని కాదు. ప్రజల పేరున చట్టం. మన రాజ్యాంగం కూడా భారత ప్రజలం అనే మాటతోనే మొదలవుతుంది. మన రాజ్యాంగం రాసే ముందు సలహాదారు బి.ఎన్. రావు అమెరికా వెళ్లి అక్కడి జడ్జీలతో మాట్లాడి వచ్చారు.

1787 సెప్టెంబర్ 17న 39 మంది సంతకాలు పెట్టారు. అక్కడే ఉన్న ముగ్గురు పెట్టమన్నారు. సభ ముగిశాక ఎలిజబెత్ పావెల్ అనే ఆవిడ ఫ్రాంక్లిన్‌ను అడిగింది, ఇంతకీ రాజరికం తెచ్చారా, ప్రజల రాజ్యం తెచ్చారా అని. ప్రజల రాజ్యమే, నిలబెట్టుకోగలిగితే, అన్నాడట ముసలాయన.

ఒప్పుకోవాలా, వద్దా?

పదమూడు రాష్ట్రాల్లో తొమ్మిది ఒప్పుకుంటేనే అది చట్టమవుతుంది. ఊరూరా వాదనలు జరిగాయి. కావాలనేవారు పత్రికల్లో 85 వ్యాసాలు రాశారు. వద్దనేవాళ్లలో మెర్సీ ఓటిస్ వారెన్ అనే ఆవిడ ఉంది. తన పేరు పెట్టుకోకుండా 1788లో చిన్న పుస్తకం అచ్చువేసింది. జనం హక్కులు ఇందులో ఎక్కడ రాశారు అని నిలదీసింది. ఇంత గట్టి పుస్తకం మగవాడే రాసి ఉంటాడని చాలాకాలం అనుకున్నారు.

మసాచుసెట్స్‌లో 187 మంది సరే అన్నారు, 168 మంది వద్దన్నారు. హక్కులు చేరుస్తామన్న మాట మీదే అక్కడ గట్టెక్కింది. 1788 జూన్ 21న తొమ్మిదో రాష్ట్రం ఒప్పుకుంది. 1789లో వాషింగ్టన్ మొదటి అధ్యక్షుడయ్యాడు. రోడ్ ఐలాండ్ అందరికన్నా చివర, 1790లో, రెండే ఓట్ల తేడాతో చేరింది.

ఇచ్చిన మాట ప్రకారం 1791లో పది సవరణలు చేర్చారు. సవరణ అంటే దిద్దుబాటు. నచ్చిన మాట మాట్లాడవచ్చు. పత్రిక నడపవచ్చు. నచ్చిన దేవుణ్ణి కొలవవచ్చు. గుమికూడవచ్చు, అర్జీ పెట్టవచ్చు. సరైన కారణం చూపి వారంటు తేకుండా ఇల్లు సోదా చేయకూడదు. వద్దన్నవాళ్లు ఓడిపోయారంటారు గాని, ఈ పదీ వాళ్ల గొడవ వల్ల వచ్చినవే.

మరి ఓటు? ఎవరికి ఓటివ్వాలో రాజ్యాంగం చెప్పలేదు. రాష్ట్రాలకు వదిలేసింది. న్యూజెర్సీలో ఆస్తి ఉన్న ఒంటరి ఆడవాళ్లు, విధవలు ఓటు వేసేవారు. 1807లో అదీ లాగేసుకున్నారు.

దిద్దుబాటుకు వంద ఏళ్లు చాలలేదు

రాజ్యాంగం రాసినవాళ్లు దాన్ని మార్చుకునే దారి కూడా రాసి పెట్టారు. రెండు సభల్లో మూడింట రెండు వంతుల మంది సరే అనాలి. తర్వాత నాలుగింట మూడు వంతుల రాష్ట్రాలు ఒప్పుకోవాలి. చాలా కష్టమైన దారి. అందుకే ఇప్పటికి 27 సవరణలే వచ్చాయి. బానిసత్వం పోయింది 1865లో, అదీ లక్షలమంది చచ్చిన అంతర్యుద్ధం తర్వాత. 1870లో నల్ల మగవాళ్లకు ఓటన్నారు. ఆదివాసులందరినీ పౌరులుగా ఒప్పుకుంది 1924లో.

ఆడవాళ్ల ఓటు కోసం తల్లులు, కూతుళ్లు, మనవరాళ్లు పోరాడారు. 1920 ఆగస్టు నాటికి ఇంకొక్క రాష్ట్రం ఒప్పుకుంటే చాలు. టెనెసీ రాష్ట్ర సభలో బలాబలాలు సరిసమానంగా ఉన్నాయి. హ్యారీ బర్న్ అనే 24 ఏళ్ల సభ్యుడు వద్దనేవాళ్ల గుర్తు, ఎర్ర గులాబీ, కోటుకు పెట్టుకుని వచ్చాడు. ఆయన జేబులో తల్లి ఫెబ్ బర్న్ రాసిన ఉత్తరం ఉంది. ఆడవాళ్ల ఓటుకు సరే అనమని, మంచి కొడుకులా ఉండమని ఆమె రాసింది. పేరు పిలిచారు. అతను సరే అన్నాడు. ఎబిగెయిల్ ఉత్తరం రాసి అప్పటికి 144 ఏళ్లు.

అంతటితో అందరికీ ఓటు దక్కిందా? లేదు. దక్షిణ రాష్ట్రాల్లో నల్లవాళ్లు ఓటరు జాబితాలోకి రాకుండా చదువు పరీక్ష పెట్టారు. మన దేశంలో 1951-52 మొదటి ఎన్నికల్లోనే చదువు వచ్చినా రాకపోయినా ఓటు ఇచ్చారు. పెట్టె మీద గుర్తు చూసి వేశారు. అక్కడ అలా కాదు. 1962లో మిసిసిపీ రాష్ట్రంలో ఫానీ లూ హేమర్ అనే ఆవిడ పేరు రాయించుకోవడానికి వెళ్లింది. ఆరేళ్ల వయసు నుంచి పత్తి ఏరిన మనిషి. రాష్ట్ర రాజ్యాంగంలో ఒక ముక్క చూపించి దాని అర్థం చెప్పమన్నారు. వకీళ్లకే తికమకగా ఉండే ముక్క అది. ఆమె చెప్పలేకపోయింది. పేరు రాయించుకోవడానికి వెళ్లినందుకు భూస్వామి ఆమెను పొలం నుంచి, ఇంటి నుంచి గెంటేశాడు. 1963 జనవరిలో మళ్లీ వెళ్లింది. ఈసారి పరీక్ష నెగ్గింది. ఇలాంటి పరీక్షలను ఆ రాష్ట్రాల్లో ఆపుతూ 1965లో చట్టం వచ్చింది. 1975లో దేశమంతటా శాశ్వతంగా తీసేశారు.